గొళ్ళెం పెట్టిన పున్నమి

చిత్తూరులో ఒకప్పుడు ఆకాశం చూసే సంఘం ఒకటి ఉండేదని, దాన్ని మా ఆయన పెట్టి నడిపారని ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే, "మీ ఆయన పుణ్యమా అని శని చుట్టూ ఉండే వలయం కండ్లతో సూసినామమ్మా" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఊరుకోవడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఆ ఇంటి కోడలినయ్యాక నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన లేరు. మా అత్తా లేదు. ఇంకా ఎవరి కోసం ఊరుకోవాలో తెలియక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది వడమాలపేట. మా నాయన అక్కడ చిన్న బడిలో పంతులు. ఎండాకాలం అన్నాలు తిన్నాక అందరం మిద్దె మీద చాపలు పరుచుకునేవాళ్ళం. పక్కింట్లో కథలు చెప్పుకుంటుంటే మా నాయన చుక్కలు చూపించేవాడు. పిల్లలకోడి అనే కృత్తికలు ఎక్కడున్నాయో, సప్తర్షులను పట్టుకుని ధ్రువుడి దగ్గరికి ఎలా వెళ్ళాలో చెప్పేవాడు. చెయ్యి బారచాపి పిడికిలి బిగించి, ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య ఎన్ని పిడికిళ్ళో కొలవడం నేర్పింది ఆయనే. ఆడపిల్లకెందుకు ఇవన్నీ అని మా అమ్మ గొణిగితే, "అన్నం ఉడికిందో లేదో ఆకాశం అడగదు లేవే" అనేవాడు. ఆ మాటకు అర్థమేమిటో ఆయనకూ తెలియదు, కానీ మా అమ్మ నోరు మూతపడేది.

నన్ను చిత్తూరులో వకీలుకిచ్చారు. మా ఆయన ఇంగ్లీషు పత్రిక చదివేవారు. సభల్లో మాట్లాడేవారు. మూఢాచారాలు పోతేగాని దేశం బాగుపడదని ఆయన చెబుతుంటే కోర్టు గుమాస్తాల దగ్గర నుంచి కూరగాయలమ్మేవాళ్ళ దాకా నిలబడి వినేవాళ్ళు. నేనూ వంటింటి గడప దగ్గర నిలబడి వినేదాన్ని. అబద్ధమెందుకు, అప్పట్లో నాకు గర్వంగానే ఉండేది.

మద్రాసు మీద జపానువాళ్ళు బాంబులు వేస్తారని జనం మూటాముల్లె కట్టుకుని మా వైపు పారిపోయి వచ్చిన రోజుల్లో, మద్రాసు వకీలు ఒకాయన మా వీధిలో కొన్నాళ్ళు కాపురమున్నాడు. భయం తగ్గి తిరిగి వెళ్ళేటప్పుడు, ఇత్తడి గొట్టమూ మూడు కాళ్ళ పీటా ఉన్న దూరదర్శిని ఒకటి మా ఆయనకు ఇచ్చి వెళ్ళాడు. మా ఆయన దాన్ని మిద్దె మీద నిలబెట్టి వారం రోజులు కుస్తీ పట్టారు. చంద్రుడు తప్ప ఏదీ దొరకలేదు. చంద్రుడికైతే గురి అక్కర్లేదు కదా.

ఒక సాయంత్రం ఎండబెట్టిన వడియాలు తీసుకుందామని నేను మిద్దె ఎక్కాను. ఆయన ఆకాశమంతా గొట్టం తిప్పుతూ చెమటలు కక్కుతున్నారు. "గురువు కావాలా మీకు?" అన్నాను. వడియాల చేట పక్కన పెట్టి, గొట్టం వెంబడి ఒంటి కన్నుతో గురి చూసి, కొద్దిగా పైకెత్తి చూపించాను. గురుగ్రహం, దాని పక్కన వరసగా నాలుగు చిన్న చుక్కలు. ఆయన చాలాసేపు చూశారు. "ఎట్ట కనుక్కున్నావు?" అన్నారు. "అది రోజూ ఆడనే కదా ఉండాది" అన్నాను. ఆ మాట ఆయనకు రుచించలేదని ముఖం చూస్తే తెలిసింది.

ఆ నెలలోనే సంఘం మొదలైంది. ప్రతి శనివారం పొద్దు గూకగానే మా మిద్దె మీద కలిసేవాళ్ళు. హైస్కూలు సైన్సు మాస్టరు ఒకాయన, బెల్లం మండీ షావుకారు ఒకాయన, ఇంకా అప్పుడప్పుడు వచ్చే గుమాస్తాలు. నలుగురు మగవాళ్ళ మధ్యకు ఇంటి కోడలు వెళ్ళే ఆచారం మా ఇంట్లో లేదు. అందుకని ఒక పద్ధతి ఏర్పడింది. వాళ్ళు రాకముందే నేను పైకి వెళ్ళి గొట్టం గురిపెట్టి కిందికి దిగేదాన్ని. కానీ ఆకాశం ఆగదు. ఒకరిద్దరు చూసేసరికి చుక్క గొట్టంలోంచి జారిపోయేది. అప్పుడు మా ఆయన మెట్ల దగ్గరికొచ్చి దగ్గేవారు. నేను మెట్ల మలుపులో, పైవాళ్ళకు కనిపించని చోట నిలబడి, "పడమటికి జరపండి. గోడ మీద నుంచి మూడు పిడికిళ్ళు పైకి" అని మెల్లగా చెప్పేదాన్ని. ఆయన వెనక్కి వెళ్ళి అదే మాట గట్టిగా అంటూ గొట్టం జరిపేవారు. పైన "ఆహా" అనుకునేవాళ్ళు.

రెండేళ్ళ పాటు నా ఖగోళమంతా ఆ మెట్ల మలుపే. అక్కడి నుంచి నాకు కనిపించేది చారెడు ఆకాశం. అయినా మలుపులో నిలబడి, పైన ఏది ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి తృప్తిగానే ఉండేదాన్ని. సైన్సు మాస్టరుకు నా సంగతి తెలుసు. ఒకసారి దిగి వెళుతూ, నేను పక్కకు తప్పుకుంటే, "అమ్మా, మీరు లేకుంటే మేమంతా గుడ్డివాళ్ళమే" అని చెయ్యెత్తి మొక్కాడు. ఆ మాట మా ఆయన దగ్గర మాత్రం ఎప్పుడూ అనలేదు.

శనిని చూపించిన చలికాలం మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వలయం అంత బాగా కనిపించే రోజులు మళ్ళీ మళ్ళీ రావని నేనే ఆయనతో చెప్పి అందరినీ పిలిపించాను. తీరా చూస్తే ఒక్కరూ గొట్టం దగ్గరికి రారు. ఒకాయనకు ఏలినాటి శని, ఒకాయనకు అష్టమ శని. షావుకారు, "మనం దాన్ని సూస్తే సరే సామీ, అది మనల్ని సూస్తే?" అని గోడ వారకు జరిగాడు. చివరికి ధైర్యం చేసి చూసి, ఇంటికి వెళ్ళి నువ్వుల నూనె రాసుకుని తలంటు పోసుకున్నాడట. మర్నాడు మా ఆయన భోజనం దగ్గర ఆ కథ చెప్పి పగలబడి నవ్వారు. ఇలాంటివాళ్ళతో దేశం ఎలా బాగుపడుతుందన్నారు. నేనూ నవ్వాను. అంత నవ్వకుండా ఉండవలసింది.

యుద్ధం ఇంకా పూర్తిగా ముగియలేదు. ఆ ఏడాది ఉగాదికి కొత్త పంచాంగం రాగానే నేను వెతికేది గ్రహణాలే. ఏరువాక పున్నమి నాడు చంద్రగ్రహణం ఉంది. అంతకుముందు వచ్చినవి అర్ధరాత్రిళ్ళో తెల్లవారుజామునో వచ్చాయి. ఇది మాత్రం చంద్రుడు లేచిన కాసేపటికే పట్టి, జనం పడుకునే వేళకు విడుస్తుంది. సంపూర్ణం కాదు గాని బింబంలో చాలా మటుకు పడుతుంది. మా నాయన ఒకసారి చెప్పాడు, చంద్రుడి మీద పడే నీడ అంచు గుండ్రంగా ఉంటుందని, అది భూమి నీడ కాబట్టి మనం నిలబడ్డ భూమి ఆకారం మన కంటికి కనిపించేది అప్పుడు మాత్రమేనని. ఆ అంచును నా కళ్ళతో చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

మా ఆయనకు చెబితే ఉత్సాహపడ్డారు. సంఘం తరఫున పెద్ద సభ చేద్దామన్నారు, ఆడవాళ్ళను కూడా పిలుద్దామన్నారు. "దీనికి గొట్టంతో పనే లేదు కదా. ఈతూరి నువ్వు మెట్ల మీద నిలబడే పని లేదు. పైకొచ్చి అందరితో పాటు సూడు" అన్నారు. ఆయన నోట ఆ మాట వచ్చిన రోజు నేను రెండు పూటలా పాయసం చేశాను.

ఆయన చేయవలసిన ఉపన్యాసం నేనే తయారు చేశాను. సూర్యుడికి దీపం, భూమికి నిమ్మకాయ, చంద్రుడికి పసుపుకొమ్ము. దీపానికి అడ్డంగా నిమ్మకాయ పెడితే పసుపుకొమ్ము మీద నీడ పడుతుంది. రాహువూ లేదు, పామూ లేదు. ఈ ఏర్పాటు ఆయనకు వంటింట్లో నాలుగైదు సార్లు చేసి చూపించాను. మొదట్లో ఆయన నిమ్మకాయను దీపానికి అవతల పెట్టేవారు.

అప్పటికే నేను కడుపుతో ఉన్నాను. ఏరువాక పున్నమికి ఏడో నెల. నాకు ఆ రెండు విషయాలూ కలిపి ఆలోచించాలని కూడా తోచలేదు. పున్నమి ఇంకా రెండు రోజులుందనగా మా అత్త పెరట్లో దర్భలు ఎండబెడుతూ చెప్పింది. "గ్రహణం పట్టే ముందే గదిలోకి పో. కత్తి పట్టుకోవద్దు, గోళ్ళతో గీరుకోవద్దు. కాళ్ళు చాపుకొని మెదలకుండా పండుకో. కిటికీ, సందులు అన్నీ నేను గోనెపట్టలతో మూస్తాను."

నేను, "కాళహస్తిలో గ్రహణంలో కూడా గుడి తెరిచే ఉంచుతారు కదత్తా" అన్నాను.

"ఆయప్పకు కడుపొచ్చిందా ఏందే?" అంది.

అత్త మీద నాకు కోపం లేదు. ఈ మాట ఇక్కడే రాసెయ్యాలి. ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టి తానూ మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. షుగరు రోగంతో కళ్ళు తిరుగుతున్నా నా గది బయట గడప మీద కూర్చుని జపం చేసింది. ఆమె భయం నా బిడ్డ గురించి. తెలియక చేసినవాళ్ళ మీద నేను మనసులో ఏమీ పెట్టుకోను.

తెలిసినాయన సంగతి వేరు. ఆ రాత్రి ఆయనతో అన్నాను. "అత్తకు మీరు చెప్పండి. ఆమె నా మాట వినదు."

"ఏమని సెప్పేది? ఆమె వయసేంది, ఇప్పుడు ఆమె మనసు మారుతుందా?"

"మీరు నమ్ముతారా?"

"నాకెందుకు నమ్మకం? నీకు తెలీదా?"

"మరి నేను పైకి వస్తాను. మీరే పైకి రమ్మన్నారు కదా."

ఆయన దీపం వత్తి తగ్గించారు. తరువాత, "ఒక్క పూట కదే. అమ్మ మనసు కష్టపెట్టేదెందుకు? గ్రహణం మళ్ళీ రాకుండా పోతుందా?" అన్నారు. ఊరందరికీ చెప్పిన మాట సొంత ఇంట్లో ఒక్కరితో చెప్పడానికి ఆయనకు నోరు పెగల్లేదు. ఇంత కాలమైనా నేను మరిచిపోలేనిది ఇదే.

పున్నమి నాడు పొద్దు వాలకముందే జనం మొదలయ్యారు. సైన్సు మాస్టరు భార్య వచ్చింది, షావుకారు ఇంటి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ పట్టుచీరల చప్పుడు మెట్ల మీద వినిపిస్తోంది. నేను గదిలోకి వెళ్ళాను. అత్త నా కొంగున దర్భ ముడివేసి తలుపు దగ్గరగా వేసింది, అంతే. కాసేపటికి అడుగుల చప్పుడైంది. బయట గొళ్ళెం పడింది. ఆయన అడుగులు నాకు తెలియకపోవడమేమిటి. అత్త అడగని పని ఆయన చేశారు. నేను ఎక్కడ పైకి వచ్చేస్తానో, వచ్చి ఆయన అమ్మ ముందూ, ఆయన సంఘం ముందూ ఆయనను ఏదో ఒక పక్క తేల్చుకోమంటానో అని భయపడ్డారు. ఆ చీకట్లో పడుకుని నేను మొదటిసారి ఆయనను 'వాడు' అని మనసులో అనుకున్నాను.

మిద్దె మట్టి మిద్దె. పైన మాట్లాడితే కింద గదిలోకి బాగానే వినిపిస్తుంది. చంద్రుడు లేచాడని అందరూ అనుకోవడం విన్నాను. తరువాత ఎవరో, "అదో, కింద పక్క మసకేసింది" అన్నారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. దీపం, నిమ్మకాయ, పసుపుకొమ్ము. ఒక్క మాట పొల్లుపోకుండా నా మాటలే. మధ్యలో ఆగిన చోట నేను చీకట్లో పెదవులు కదిపి అందిస్తున్నాను. అలవాటు అలాంటిది.

అంతా అయ్యాక షావుకారు అడిగాడు. "అయితే సామీ, కడుపుతో ఉండేటోళ్ళు గ్రహణం సూడకూడదంటారే, దానికేమంటారు?"

"అదంతా అజ్ఞానం. నీడకు కడుపులో బిడ్డ ఎట్ట తెలుస్తుంది?" అన్నారు ఆయన. పైన అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. సరిగ్గా నా మంచం పైనే ఆయన నిలబడి ఉండాలి, దూలం మీద నుంచి కాస్త మట్టి రాలి నా ముఖం మీద పడింది. తుడుచుకోవచ్చా కూడదా అని నేను ఆలోచించాను. అంత చదివి, అంత తెలిసి, నేను కూడా ఆలోచించాను. చివరికి తుడుచుకోలేదు. ఆ పూట నన్ను వాళ్ళు ఎక్కడిదాకా దింపారో నాకు అప్పుడు తెలిసింది.

విడుపు స్నానాలయ్యాక గొళ్ళెం తీశారు. ఆయన తడి తలతోనే లోపలికి వచ్చి, సభ బ్రహ్మాండంగా జరిగిందన్నారు. నేను ఒక్కటే అడిగాను. "నీడ అంచు గుండ్రంగా ఉండిందా? పట్టినచోట ఏ రంగుండింది?"

"శానామంది వచ్చినారు. వాళ్ళను కూర్చోబెట్టడంతోనే సరిపోయింది. నేను సరిగ్గా సూడలా" అన్నారు.

గ్రహణమయ్యాక మూడో నెల నిండకముందే ఆడపిల్ల పుట్టింది. పై పెదవి మధ్యలో చీలి ఉంది. మంత్రసాని బిడ్డను నా చేతికివ్వకుండా ముందు మా అత్త వైపు చూసింది. దాన్ని మా వైపు గ్రహణమొర్రి అంటారు. ఇంకేం కావాలి. ఆ పేరు ఉన్నాక ఎవరూ కారణం వెతుక్కోనక్కర్లేదు.

అత్త ఏడ్చింది. "మెదిలినావా? గీరుకున్నావా?" అని అడిగింది. లేదన్నాను, ఒక్కసారికే నమ్మింది. ఆ తరువాత ఇక అడగలేదు. బిడ్డ పాలు చప్పరించలేకపోతే, గంటల కొద్దీ ఒళ్ళో పెట్టుకుని దూది వత్తితో పాలు పిండి బతికించింది ఆమే. వీధి మాత్రం నమ్మలేదు. సైన్సు మాస్టరు భార్య బిడ్డను చూడటానికి వచ్చి, "మావారు అంటాన్నారు, ఆమెకు ఆకాశం పిచ్చి, మెట్ల మీద నిలబడి సూసేసుంటుంది అని" అంది. చెయ్యెత్తి మొక్కిన మనిషి అన్న మాట అది.

సంఘం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బాలింతనయ్యాక నేను మెట్ల మలుపుకు వెళ్ళలేదు. ఆయన వచ్చి దగ్గినా వెళ్ళలేదు. ఆ చలికాలమంతా వాళ్ళు చంద్రుడినే చూశారు. చంద్రుడు లేని శనివారాలు మాట్లాడుకుని వెళ్ళిపోయారు. తరువాత రావడం మానేశారు. మా కూతురి పెదవి వేలూరులో కుట్టించాము. ఇప్పుడు సన్నటి గీత తప్ప ఏమీ కనిపించదు, నోరు మాత్రం అచ్చం నా నోరే.

అలా కుట్టించడానికి ముందు, బిడ్డను మొదటిసారి చూపించడానికి వేలూరు వెళ్ళిన రోజు ఒకటుంది. డాక్టరమ్మ బిడ్డను అటూ ఇటూ తిప్పి చూసి ఇంగ్లీషులో చెప్పింది. కడుపులో బిడ్డకు పెదవి మూడో నెల నిండకముందే కలుస్తుందట. కలవకపోతే ఇలా అవుతుందట. మీ గ్రహణం నాటికి ఏడో నెల కాబట్టి దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదంది. మా ఆయన తల ఊపుతూ విని, ప్రతి మాటా నాకు తెలుగులో చెప్పారు. ఇంటికి వచ్చాక మా అత్తకూ చెప్పారు. చక్కగా, సభలో చెప్పినట్టు చెప్పారు.

ఆ సాయంత్రమే గదిలోకి వచ్చి తలుపు వేశారు. బిడ్డ నిద్రపోతోంది. ఆయన మంచం పట్టె మీద కూర్చుని కాసేపు గోళ్ళు చూసుకున్నారు.

"ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు" అన్నారు. "నాకు సెప్పు, నేను ఎవురికీ సెప్పను. ఆ పొద్దు గోనెపట్ట పక్కకు తీసి కిటికీలోంచి సూసినావా?"

నాకు వెంటనే కోపం రాలేదు. ముఖం చూశాను. నిజంగానే అడుగుతున్నారు.

"ఆ కిటికీ యా పక్కకుండాది?" అన్నాను.

"వీధి పక్కకు."

"వీధి యా పక్కకుండాది?"

"పడమటికి."

"పున్నమి నాడు పొద్దు గూకేటప్పుడు చంద్రుడు యా పక్క లేస్తాడు?"

సంఘం పెట్టిన మనిషి, ఉపన్యాసం చెప్పిన మనిషి, ఆ కిటికీ వంక చూస్తూ కాసేపు ఆలోచించారు.